గుడి గ్రూపులో 312 మంది, ఆదివారం పూజలో 60 మంది. ఫాదర్ గారు యూట్యూబ్ పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

కొండకింద_పిల్ల (పాలకొండ వైపు) · శనివారం రాత్రి 9:12

అందరికీ స్తోత్రం. మాది పాలకొండ దాటాక సీతంపేట కొండల వైపు చిన్న విచారణ (అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని జనం). ఊరి పేరు రాయను. రాస్తే రేపు తెల్లారేసరికి ఫాదర్ గారి చెవిన పడుతుంది.

రెండేళ్ల కింద డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటే ఫాదర్ గారు "నీకు ఫోన్ బాగా వచ్చు కదమ్మా" అని గుడి వాట్సాప్ గ్రూపు నా చేతిలో పెట్టారు. అప్పటి నుంచి రోజూ పొద్దున 5:30కి గులాబీ పువ్వు బొమ్మ మీద వాక్యం పెడుతున్నాను. 14 దండాలు వస్తాయి. రోజూ అదే 14 మంది. అందులో తొమ్మిది మంది వారం రోజుల పూజకి కూడా వచ్చేవాళ్లే. నేను ఎవరి కోసం పెడుతున్నానో వాళ్లు, అంటే చెన్నై, హైదరాబాద్ పనులకి వెళ్లినవాళ్లు, పూజ టైములో బయట బండి మీద కూర్చునే కుర్రాళ్లు, గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకున్నారు. నాకు తెలుసు. మా తమ్ముడే పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఫాదర్ గారు ఏదో మీటింగుకి వెళ్లొచ్చి, నవంబరు 30న ఆగమన కాలం (క్రిస్మస్‌కి సిద్ధపడే వారాలు) మొదలయ్యేలోగా యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా అన్నీ ఉండాలంటున్నారు. వచ్చే ఆదివారానికి ప్లాన్ రాసి ఇవ్వాలట. నాకు టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, పోయిన వారం ఎవరో గ్రూపులో వేరే మతాన్ని తిట్టే వీడియో పెట్టారు. చూసిన వెంటనే తీసేశాను, కానీ అప్పటికే ఇద్దరు ఫార్వర్డ్ చేసేశారు. యూట్యూబ్ పెడితే ఇలాంటివి ఇంకెన్ని వస్తాయో.

ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

మైకుసెట్టు (రాజాం) · శనివారం రాత్రి 9:40

ముందు ఆ గులాబీలు ఆపేయ్ చెల్లీ.

మా గుడిలో మూడేళ్లుగా ఈ పని నాదే. నేను నేర్చుకున్నది చెప్తాను. చాలామంది కెమెరా గురించి ఆలోచిస్తారు. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే పది సెకన్లు కూడా ఉండరు. ఫోన్ వెనక బెంచీ మీద పెట్టి తీస్తే ఫాదర్ గారి ప్రసంగం వినపడదు, సీలింగ్ ఫ్యాన్ వినపడుతుంది. కాలర్ మైకు ఒకటి కొనండి. లేదంటే యాంప్లిఫయర్ నుంచి ఫోన్‌కి వైరు లాగండి. మీ ఊరి మైకుసెట్టు కుర్రాడిని అడిగితే చేసిపెడతాడు. (నన్నడిగినా వస్తాను, బస్సు చార్జీ ఇస్తే చాలు.)

ఫోన్ నుంచి యూట్యూబ్ లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. 2025 జూలై నుంచి లైవ్ చేసేవాళ్లకి 16 ఏళ్లు నిండాలన్న రూల్ కూడా వచ్చింది. గుడిలో ఫోన్ బాగా తెలిసినవాళ్లంతా తొమ్మిదో తరగతి గుంటలే కాబట్టి ఇది ముందే చెప్తున్నాను. ఛానల్ ఎవరి సొంత మెయిల్ మీదా తెరవొద్దు. గుడి పేరున ఒక మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ రాసి ఫాదర్ గారి బీరువాలో పెట్టండి. మా ముందు అడ్మిన్ పెళ్లి చేసుకుని వెళ్తూ పాస్‌వర్డ్ కూడా పట్టుకెళ్లిపోయింది.

పాటల ట్రాకులు స్పీకర్లో వేసి పాడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, ఒక్కోసారి సౌండు మొత్తం పోతుంది. డోలక్, హార్మోనియం పెట్టుకుని నోటితో పాడితే ఈ గొడవ తక్కువ. వినడానికీ అదే బాగుంటుంది.

---

పాతబెంచీ (విజయనగరం) · శనివారం రాత్రి 10:25

నాకు ఈ లైవ్ పూజలంటేనే నచ్చదు. సూటిగా చెప్పేస్తున్నాను.

2020 మార్చి 27న పోపు ఫ్రాన్సిస్ గారు ఖాళీ సెయింట్ పీటర్స్ మైదానంలో వానలో ఒక్కరే నిలబడి ప్రార్థన చేశారు. టీవీ ముందు మోకాళ్ల మీద ఉండి చూశాం, ఏడ్చాం. అది ఆపద కాలం. ఆపద పోయింది, అలవాటు ఉండిపోయింది. మా వీధిలో ఒకావిడ ఆదివారం ఉల్లిపాయలు తరుగుతూ ఫోన్లో పూజ "చూస్తుంది". గుడి నాలుగు ఇళ్ల అవతలే ఉంది.

తిరుసభ, అంటే మన కతోలిక సంఘం, ఈ మాట ఎప్పుడో చెప్పింది. 2002లో వాటికన్ ఇంటర్నెట్ గురించి విడుదల చేసిన పత్రంలోనే, ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు ఉండవని స్పష్టంగా ఉంది. వాట్సాప్, యూట్యూబ్ పుట్టకముందే రాశారు. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తెర మీంచి చేతిలోకి రాదు. జ్ఞానస్నానం, పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) కూడా అంతే. మీ ఫాదర్ గారికి ఈ ముక్క చెప్పమ్మా.

---

అమ్మ_పక్కన (బొబ్బిలి) · శనివారం రాత్రి 10:51

పాతబెంచీ గారూ, మా అమ్మకి పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. మంచం మీంచి లేవలేదు. ఆదివారం ఏడింటికి నేను ఫోన్‌ని మందుల డబ్బాకి ఆనించి పెడతాను. "ప్రభువు మీతో ఉండునుగాక" అనగానే, కుడి పక్క పనిచేయకపోయినా, ఎడమ చేత్తో సిలువ గుర్తు వేసుకుంటుంది. మాట సరిగ్గా రాదు, కానీ పరలోక జపం మొత్తం పెదవులు కదులుతాయి. నెలలో మొదటి శుక్రవారం ఫాదర్ గారు వచ్చి సత్ప్రసాదం ఇస్తారు. మిగతా మూడు వారాలు ఆవిడకి ఆ ఫోనే.

ఉల్లిపాయలు తరిగేవాళ్లని ఏమైనా అనండి. లైవ్ మాత్రం ఆపమనకండి.

---

పాతబెంచీ (విజయనగరం) · శనివారం రాత్రి 11:08

తప్పు మాట అన్నాను తల్లీ, క్షమించు. మంచం మీద ఉన్నవాళ్ల సంగతి నా ఆలోచనలోకి రాలేదు.

అయితే ఒక పని చేయొచ్చు. లైవ్ కింద ఊరికే లింకు కాకుండా, "ఇంటి దగ్గర సత్ప్రసాదం కావలసినవాళ్లు ఈ నంబరుకి చెప్పండి" అని రాసి పెట్టొచ్చు కదా. అప్పుడు ఎవరు మంచం మీద ఉన్నారో, ఎవరు ఉల్లిపాయల మీద ఉన్నారో ఫాదర్ గారికి తెలుస్తుంది.

---

సెంట్రింగ్_బావు (ఉండేది చెన్నై, ఊరు పాలకొండ పక్క) · శనివారం రాత్రి 11:34

నోటితో చెప్పి టైపు చేయిస్తన్నాను, తప్పులుంటే ఏటీ అనుకోకండి.

చెల్లెమ్మా, నువ్వు చెప్పిన విచారణ ఏదో నాకు అర్థమైంది. నేను పేరు చెప్పనులే. నువ్వు మ్యూట్ చేసినోళ్లు అన్నావు కదా, అందులో నేనొకడిని.

ఎందుకు చేశానో చెప్తాను. రాత్రి ఎనిమిదింటికి షెడ్డుకొచ్చి ఫోన్ తీస్తే 40 గుడ్ మార్నింగులు. పొద్దున పెట్టిన పువ్వులు రాత్రికి చూస్తే ఏం లాభం. ఫోన్ నిండిపోయి మా గుంటడి ఫోటోలు చెరపాల్సొచ్చింది. ఆ రోజే మ్యూట్ కొట్టాను.

మా నాయనమ్మ చనిపోయినప్పుడు నాకు మూడు రోజుల తర్వాత ఎవరిదో స్టేటస్‌లో తెలిసింది. గ్రూపులో పెట్టారంట, ఆ పువ్వుల మధ్య నాకు కనపడలేదు. మొన్న 2వ తేదీ సమాధుల పండక్కి ఆవిడ సమాధి మీద ఎవరైనా కొవ్వొత్తి పెట్టారో లేదో కూడా తెలీదు.

2014 జూన్‌లో ఇక్కడ మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ కూలిపోయి 61 మంది పోయారు. వాళ్లలో మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలోళ్లు ఎంతమందో. అప్పుడు నేను కొత్తగా వచ్చాను, వేరే సైటులో ఉన్నాను. మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు, నేను ఎక్కడ పని చేస్తన్నానో ఊళ్లో ఎవరికీ తెలీక. గుడికీ తెలీదు. పూజ లైవ్ పెట్టండి మంచిదే, కానీ ఆదివారం పొద్దున నేను స్లాబ్ మీద ఉంటాను. ఇక్కడ గుడికి సాయంత్రం పూజకి పోతాను, అంతా తమిళం. వెనకాల నిలబడి మన భాషలో జపాలు చెప్పుకుంటాను.

నాకు కావలసింది అడిగితే, సాయంత్రం ఆరింటికి మన గుడి గంట కొడతారు కదా, త్రికాల జపానికి. అది ఒక్కసారి వినాలనుంది. అంతే.

---

ఉపదేశి_గారి_అమ్మాయి (టెక్కలి) · ఆదివారం ఉదయం 11:15

పూజ నుంచి ఇప్పుడే వచ్చాను. రాత్రి అంతా చదివి సరిగ్గా నిద్ర పట్టలేదు. బావూ, నీ మాటలకే.

నేను రిటైరైన టీచర్ని. మా నాన్నగారు ఉపదేశి, అంటే ఊళ్లలో జపాలు, విశ్వాసం నేర్పేవారు. నాకు తెలిసి ఆయన "సోషల్ మీడియా" అంటే సైకిలు, సంచి, లాంతరు. పది ఊళ్లు తిరిగేవారు. ఎవరింట్లో జ్వరమో, ఎవరి ఆవు ఈనిందో, ఎవరు అలిగి గుడికి రావడం మానేశారో ఆయన సంచిలో ఉండేది. జపం నేర్పడం ఆ తర్వాత.

మా ఇంట్లో సాయంత్రం రేడియో వెరితాస్ తెలుగు ప్రసారం వినేవాళ్లం. ఫిలిప్పీన్స్ నుంచి షార్ట్‌వేవ్‌లో వచ్చేది. గరగర శబ్దం మధ్యలో మన భాషలో సువిశేషం. ముల్లు వెంట్రుకవాసి తిప్పుతూ నాన్నగారు "ష్" అనేవారు. శ్రోతల ఉత్తరాలు చదివేటప్పుడు మా జిల్లా ఊరి పేరు వస్తే వీధంతా పండగ. 2018లో షార్ట్‌వేవ్ ఆపేసి ఇంటర్నెట్‌కి మారిపోయారు. కాబట్టి దూరం నుంచి విశ్వాసం పంచడం మనకి కొత్త కాదమ్మాయ్.

మన ప్రాంతానికి ఇంకో వరస కూడా ఉంది. 1846లో విశాఖకి వచ్చి ఇక్కడ తిరుసభకి పునాది వేసిన మిషనరీ ఫాదర్లు పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ దె సేల్స్ గారి పేరున ఏర్పడ్డ సభవాళ్లు. ఫ్రాన్సులోని అనెసీలో 1838లో ఆ సభ పుట్టింది. ఆ పునీతుడు 1594లో శబ్లే అనే ప్రాంతానికి వెళ్తే ఆయన ప్రసంగం వినడానికి ఎవరూ రాలేదు. తలుపులు మూసుకున్నారు. ఆయన ఏం చేశారు? చిన్న చిన్న కరపత్రాలు రాసి, రాత్రిపూట తలుపుల కింది సందులోంచి తోసి వెళ్లేవారు. అందుకే 1923లో పోపు పదకొండో భక్తినాథ (పయస్) గారు ఆయన్ని రచయితలకీ పత్రికలవాళ్లకీ పాలక పునీతునిగా ప్రకటించారు. ఆయన పండుగ జనవరి 24. ప్రపంచ సమాచార దినానికి పోపు గారి సందేశం ఏటా ఆ రోజునే వస్తుంది.

ఆ కరపత్రాల్లో గులాబీలు లేవనే అనుకుంటాను. అవతలివాళ్ల మనసులో ఉన్న ప్రశ్నలకి జవాబులున్నాయి.

ఇంకొక్క మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ టవర్లు లేవు. అప్పుడు ఏ ఇల్లు పడిందో కబురు తెచ్చింది కాళ్లే. ఫోన్ నంబర్లు ఉన్నాయి కదాని ఇళ్లకు వెళ్లడం మానేస్తే, ఒక్క తుపానుకి విచారణ మొత్తం మాయమైపోతుంది.

---

ఇంటర్_సెకండియర్ (ఆమదాలవలస) · ఆదివారం మధ్యాహ్నం 1:02

కార్లో అక్యూటిస్ గురించి ఒక్కరూ చెప్పలేదేంటి??

1991లో పుట్టి 2006లో 15 ఏళ్లకే లుకేమియాతో చనిపోయారు. జీన్స్, స్పోర్ట్స్ షూస్ వేసుకునే పునీతుడు. దివ్యసత్ప్రసాద అద్భుతాలన్నీ పోగుచేసి వెబ్‌సైట్ తయారుచేశారు. 2025 సెప్టెంబరు 7న పోపు లియో గారు పునీతునిగా ప్రకటించారు. ఆ రీల్ నేనే మా యూత్ గ్రూపులో పెట్టాను, మామూలుగా ఏదీ చూడని మావాళ్లు కూడా చూశారు.

అక్కా, చిన్న వీడియోలు పెట్టండి. టిక్‌టాక్ 2020లో పోయింది, ఇప్పుడు అంతా షార్ట్స్, రీల్సే. గంటన్నర పూజ ఎవరూ చూడరు సారీ.

---

ఉపదేశి_గారి_అమ్మాయి (టెక్కలి) · ఆదివారం మధ్యాహ్నం 1:30

బాబూ, ఆ అబ్బాయి రోజూ పూజకి వెళ్లేవాడు. వెబ్‌సైట్ ఆ తర్వాత వచ్చింది.

---

ఇంటర్_సెకండియర్ (ఆమదాలవలస) · ఆదివారం మధ్యాహ్నం 1:33

అవును టీచర్ గారూ. వీడియో గేములు కూడా వారానికి గంటే అని తనకి తనే రూల్ పెట్టుకున్నారంట. ఈ లైను మా అమ్మ చదవకూడదు.

---

సిరిమాను (విజయనగరం) · ఆదివారం సాయంత్రం 4:18

నేను క్రైస్తవుణ్ని కాదండీ. సిస్టర్ల స్కూల్లో చదువుకున్నాను, ఆ అభిమానంతో ఈ వేదిక చూస్తుంటాను. అడక్కుండా చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి.

చెన్నై బావు గారి గంట సంగతి చదివితే నాకు నా సంగతి గుర్తొచ్చింది. దసరా తర్వాతి మంగళవారం మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం. సెలవు దొరక్క బెంగళూరు ఆఫీసులో కూర్చుని ఫోన్లో చూశాను. కోట ముందు సిరిమాను తిరుగుతుంటే ఇక్కడ నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పక్క సీటు అమ్మాయి మలయాళీ, మీవాళ్లే, కతోలికులు. "ఏంటది" అని అడిగింది. నేను చెప్పాను. తర్వాత వాళ్ల ఊరి గుడి పండుగ తేరు వీడియో ఆ అమ్మాయి నాకు చూపించింది. మేమిద్దరం ఇంతవరకూ మతం గురించి మాట్లాడుకున్నది ఆ అరగంటే.

ఇంకో రకం కూడా నాకు అనుభవమే. ముఖ పరిచయం కూడా సరిగ్గా లేనాయన నన్ను అడక్కుండా ఒక ప్రార్థన గ్రూపులో చేర్చారు. "నీకు రక్షణ లేదు" అని రోజూ మెసేజీ. (ఆర్సీఎం, అంటే కతోలిక వాళ్లు కాదులెండి, ఎవరైతేనేం.) మా అమ్మ అప్పుడు ఆసుపత్రిలో ఉంది. బయటికి వచ్చేశాను, నంబరు బ్లాక్ చేశాను. అదే నెలలో మా పాత సిస్టర్ గారు ఫోన్ చేసి "అమ్మ ఎలా ఉంది, నేను ప్రార్థన చేస్తున్నాను" అన్నారు. ఆవిడ నన్ను ఏ గ్రూపులోనూ చేర్చలేదు. ఆవిడ స్టేటస్ మాత్రం రోజూ చూస్తాను.

---

కొండకింద_పిల్ల (పాలకొండ వైపు) · ఆదివారం సాయంత్రం 5:05

సిరిమాను గారూ, చాలా థ్యాంక్స్. అడక్కుండా ఎవర్నీ చేర్చకూడదు అన్నది రాసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ 312లో నేనే అడక్కుండా చేర్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

---

వాక్యమే_చాలు (చీపురుపల్లి) · ఆదివారం రాత్రి 7:20

ముందు మరియమ్మని పూజించడం, బొమ్మలకి దండం పెట్టడం మానండి. తర్వాత యూట్యూబ్. బైబిల్లో లేనివి నేర్పడానికి ఛానల్ ఎందుకు?

---

ఇంటర్_సెకండియర్ (ఆమదాలవలస) · ఆదివారం రాత్రి 7:22

వచ్చాడండీ

---

పాతబెంచీ (విజయనగరం) · ఆదివారం రాత్రి 7:58

తమ్ముడూ ఆగు, నేను చెప్తాను.

అయ్యా, గొడవంతా "పూజ" అన్న మాటతో వచ్చింది. మేము దివ్యబలిని పూజ అంటాం, అది తండ్రి దేవునికి మాత్రమే. మరియ మాతకి ఇచ్చేది గౌరవం. మంగళవార్త జపంలో మొదటి సగం లూకా సువిశేషం మొదటి అధ్యాయంలోంచే వచ్చింది, దేవదూత మాటలు, ఎలిజబెతమ్మ మాటలు. రెండో సగంలో "మా కొరకు ప్రార్థించండి" అని అడుగుతాం. మీరు మీ పాస్టర్ గారిని ప్రార్థన చేయమని అడిగినట్టే. బైబిల్లో లేనివి అన్నారు, మా బైబిల్లో 73 పుస్తకాలు, మీ దాంట్లో 66. ఆ లెక్క ఇంకో రోజు మాట్లాడుకుందాం, టీ తాగుతూ.

---

వేదిక నిర్వాహకులు · ఆదివారం రాత్రి 8:10

ఈ విషయం మీద పాత చర్చలు చాలా ఉన్నాయి, వాదించాలనుకునేవాళ్లు అక్కడ వాదించుకోండి. ఇక్కడ అడిగిన అమ్మాయికి ఆదివారంలోగా ప్లాన్ కావాలి.

తిట్టు వీడియో గురించి ఒక్క మాట. ఎవరి మత విశ్వాసాలనైనా కావాలని అవమానించడం భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను కింద నేరం, మతాల మధ్య వైరం రెచ్చగొట్టడం 196 కింద. మీ గ్రూపులో పెట్టినా అంతే. చట్టం పక్కన పెట్టినా, ఊళ్లో రేపు పొద్దున ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకోవాలి. గ్రూపు సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా పెట్టుకోండి.

---

వాక్యమే_చాలు (చీపురుపల్లి) · ఆదివారం రాత్రి 8:41

సరే. గొడవకి రాలేదు. మా చిన్నమ్మ కూడా ఆర్సీఎమ్మే, ఏటా క్రిస్మస్‌కి ఆవిడ పంపే అరిసెలు తినేది నేనే. టీ సంగతి గుర్తు పెట్టుకుంటాను మాస్టారూ.

---

మఠం_కిటికీ (పార్వతీపురం) · సోమవారం ఉదయం 6:05

నేను మఠకన్యను, ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటాను. చిన్నమ్మాయీ, నీ ప్లాన్‌లో రెండు విషయాలు తప్పకుండా రాయి.

ఒకటి, పిల్లల ఫోటోలు. ప్రథమ సత్ప్రసాదం రోజు తెల్ల గౌన్లలో పిల్లలు ముద్దుగా ఉంటారు, అందరికీ పెట్టాలనిపిస్తుంది. తల్లిదండ్రులని అడగకుండా పెట్టకు. పేరు, స్కూలు, ఊరు మూడూ కలిపి అసలే పెట్టకు. మా హాస్టల్ పిల్లల్లో ఇంటి దగ్గర తాగే తండ్రి నుంచి దాచి పెట్టినవాళ్లు ఉన్నారు. ఒక గ్రూప్ ఫోటో చాలు, వాళ్లెక్కడున్నారో తెలిసిపోవడానికి.

రెండోది ప్రార్థన విన్నపాలు. ఇది నేను చేసిన తప్పు, అందుకే చెప్తున్నాను. ఒక అమ్మాయికి మూర్ఛ వస్తుంటే, పాపం అందరూ ప్రార్థిస్తారని, పేరుతో సహా గ్రూపులో పెట్టాను. ఎవరో ఇంకో గ్రూపుకి పంపారు. అక్కడి నుంచి ఇంకోదానికి. ఆర్నెల్ల తర్వాత ఆ పిల్లకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. అబ్బాయి తరఫువాళ్ల ఫోన్లో నా మెసేజీ ఉంది. వాళ్ల అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఆదివారం నా పక్క బెంచీలోనే కూర్చుంటుంది.

ఇప్పుడు నేను "మన విచారణలో ఒక బిడ్డ కోసం" అని మాత్రమే రాస్తాను. దేవునికి పేరు తెలుసు.

---

పాతబెంచీ (విజయనగరం) · సోమవారం ఉదయం 8:30

సిస్టర్ గారు చెప్పిన తర్వాత మాట్లాడ్డానికి ఏముంది. అయినా ఒకటి చేర్చండి. "ఈ మెసేజీ 12 మందికి పంపితే రాత్రిలోగా శుభవార్త, పంపకపోతే కీడు" అనేవి. మరియమ్మ బొమ్మ ఉంటుంది కాబట్టి మనవాళ్లు భక్తి అనుకుని పంపుతారు. అది మూఢనమ్మకం, సత్యోపదేశంలో (తిరుసభ బోధనల పుస్తకం) 2111వ అంశం చదవండి. పోపు గారి పేరుతో వచ్చేవి కూడా అంతే. 2023లో పోపు ఫ్రాన్సిస్ తెల్ల కోటు ఫోటో నిజమనుకుని నేనే నలుగురికి చూపించాను, అది ఏఐ బొమ్మ. 2025 మేలో లియో గారు ఎన్నికయ్యాక ఆయన అనని మాటలు ఆయన గొంతుతోనే వస్తున్నాయి. వాటికన్ న్యూస్‌లో లేకపోతే పంపొద్దు.

---

గిడుగు_ఊరోణ్ణి (శ్రీకాకుళం) · సోమవారం రాత్రి 9:15

భాష సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

మన జపాలు గ్రాంథికంలో ఉంటాయి. నోటికి వచ్చాయి కాబట్టి మనకి తీయగా ఉంటాయి, వాటి జోలికి పోకండి. కానీ పోస్టులు కూడా "ప్రభువు నందు ప్రియమైన విశ్వాసులారా, మిమ్ములను సాదరముగా ఆహ్వానించుచున్నాము" అని ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు. బయట బండి మీద కూర్చున్న కుర్రాడు "ఆహ్వానించుచున్నాము" దగ్గరే ఆగిపోతాడు. జనం మాట్లాడే భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన పర్వతాలపేటలో, 1863లో. కనీసం మన జిల్లా గుడులైనా ఆయన మాట వినాలి కదా.

మీది సీతంపేట వైపు అన్నారు. అక్కడ సవర గిరిజనులు ఉంటారు. గిడుగు వారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. మీ విచారణలో సవర కుటుంబాలుంటే వాళ్ల పెద్దవాళ్ల చేత సువిశేషంలో ఒక కథ వాళ్ల మాటల్లో చెప్పించి ఆడియో పెట్టండి. చదవడం రానివాళ్లకి పోస్టు కన్నా వాయిస్ మెసేజీ నయం. మంచి సమరయుని కథ మొదలుపెట్టండి. 2023లో వాటికన్ సోషల్ మీడియా మీద ఇచ్చిన పత్రం కూడా ఆ కథ చుట్టూనే నడుస్తుంది, దారిలో పడి ఉన్నవాడిని చూసి ఎవరు ఆగారు అని.

---

మైకుసెట్టు (రాజాం) · సోమవారం రాత్రి 9:31

సవర ఆడియో అయితే నేను బస్సు చార్జీ లేకుండా వస్తాను.

---

కొండకింద_పిల్ల (పాలకొండ వైపు) · తర్వాతి ఆదివారం రాత్రి 9:50

ఫాదర్ గారికి ప్లాన్ ఇచ్చాను. రెండు పేజీలు. ఆయన చదివి, "యూట్యూబ్ ఏదమ్మా ఇందులో?" అన్నారు. చివర్లో ఉంది ఫాదర్ అన్నాను. కొంచెం ముఖం మాడ్చారు, తర్వాత సిస్టర్ గారి భాగం రెండుసార్లు చదివారు.

ఈ వారం చేసినవి చెప్తాను. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ విడిగా మెసేజీ పెట్టాను, ఉంటారా, తీసేయమంటారా అని. 97 మంది తీసేయమన్నారు. ఫాదర్ గారికి ఈ సంఖ్య ఇంకా చెప్పలేదు. రోజుకి ఒకటే పోస్టు, రాత్రి ఎనిమిదింటికి. చావు కబురు, పెళ్లి ప్రకటన అయితే మొదటి లైన్లోనే ఊరు, ఇంటిపేరు. పక్కన బొమ్మలు ఉండవు.

పుస్తకం ఒకటి కొన్నాను, ఫోన్లో కాదు, కాగితం పుస్తకమే. బయటికి వెళ్లినవాళ్లు ఎవరు ఏ ఊళ్లో, ఏ పనిలో ఉన్నారు, ఇంటి దగ్గర ఎవరికి చెప్పాలి. దాని కోసం నేనూ మా తమ్ముడూ మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. మా తమ్ముడు ఎందుకు వచ్చాడో నాకు తెలీదు, బండి వాడిది కాబట్టి అడగలేదు. ఇప్పటికి 41 పేర్లు. ఒక ముసలాయన కొడుకు హైదరాబాదులో ఎక్కడున్నాడో ఆయనకే తెలీదు, నంబరు మారిపోయింది. వెతుకుతున్నాం.

పూజ లైవ్ మంచం మీద ఉన్న ఆరుగురి కోసం మాత్రమే మొదలవుతుంది, లింకు వాళ్ల ఇళ్లకే పంపుతాం. సవర ఆడియోకి ఒక అవ్వ ఒప్పుకుంది. కానీ మైకు చూడగానే నవ్వు ఆపుకోలేకపోతోంది, మైకుసెట్టు అన్న రావాలి.

సెంట్రింగ్ బావు గారూ, మీకు విడిగా ఒక ఫోటో పంపాను. సమాధి మీద కొవ్వొత్తి మైనం కరిగి గట్టిపడి ఉంది, అంటే 2వ తేదీన ఎవరో పెట్టారు. ఎవరో కనుక్కోలేదు. నేను ఇంకోటి పెట్టాను. ఈరోజు ఆరు గంటల గంట కూడా రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. గాలి ఎక్కువగా ఉంది, సరిగ్గా రాలేదేమో.

---

సెంట్రింగ్_బావు (చెన్నై) · తర్వాతి ఆదివారం రాత్రి 10:22

వచ్చింది చెల్లెమ్మా. షెడ్డులో మన పక్కూరోళ్లు నలుగురు ఉన్నారు, అందరం విన్నాం. ఇద్దరు మనోళ్లు కాదు, వాళ్లూ ఇంకోసారి పెట్టమన్నారు.

రెండో గంటకి కుక్క మొరిగింది. అది ఉపదేశి గారి ఇంటి నల్లదేనా? ఇంకా ఉందా అది?